రైలు రాని స్టేషన్లో ఒక పూట

మా ఇంట్లో ఏ పుస్తకం నాయన చదివాడో, ఏది చదవలేదో తెరిచి చూస్తే తెలిసిపోయేది. ఆయన చదివిన పుస్తకానికి కుడివైపు కింది మూలల్లో నల్లటి బొటనవేలి ముద్రలుండేవి. స్నానం చేసి, అన్నం తిని, మంచం మీద వాలి చదివిన పేజీల్లో అవి లేతగా ఉండేవి. డ్యూటీ దిగొచ్చి, చేతులైనా సరిగా కడుక్కోకుండా అరుగు మీదే కూర్చుని చదివిన పేజీల్లో చిక్కగా ఉండేవి. ముద్రలు చిక్కబడ్డాయంటే కథ అక్కడ పట్టుకుందని నాకూ తమ్ముడికీ గుర్తు. ముందు ఆ పేజీలే వెతుక్కుని చదివేవాళ్ళం.

నాయన బిట్రగుంటలో ఆవిరింజన్ల మీద పనిచేశాడు. 1962లో లోకో షెడ్డులో క్లీనరుగా చేరి, ఇంజను నిప్పులో బొగ్గు వేసే ఫైర్‌మేనై, యార్డులో పెట్టెలు అటూ ఇటూ మార్చే షంటరై, చివరికి డ్రైవరయ్యాడు. నెల్లూరుకూ కావలికీ మధ్య, మద్రాసు–బెజవాడ లైను మీద ఉంటుంది మా ఊరు. ఆ రోజుల్లో ఊరంటే షెడ్డే. రాత్రి పడుకుని పొద్దున లేచేసరికి గుమ్మం ముందు వేసిన ముగ్గు మీద కూడా సన్నగా మసి పడి ఉండేది. అర్ధరాత్రి కాల్‌మేన్ లాంతరు పట్టుకుని వచ్చి కిటికీ తట్టి, నాయన పేరూ బండి నంబరూ గట్టిగా చెప్పి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని పోయేవాడు. అమ్మ లేచి క్యారియరు సర్దేది. నాయన లైన్ బాక్సు సర్దుకునేవాడు. ఎర్రజెండా, పచ్చజెండా, లుంగీ, తువ్వాలు, వాటి కింద ఒక పుస్తకం. బెజవాడ రన్నింగ్ రూములో తిరుగు బండి కోసం ఒక్కోసారి పూటలకు పూటలు పడిగాపులు పడాలి. పేకాట ఆడేవాళ్ళు ఆడేవాళ్ళు, నిద్రపోయేవాళ్ళు నిద్రపోయేవాళ్ళు. నాయన చదువుకునేవాడు. ఆరో తరగతితో బడి మానేసిన మనిషి.

ఆ పుస్తకాలన్నీ రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీవి. పెంకుల కప్పు హాలు, ఒక పక్క క్యారమ్ బోర్డు, ఇంకో పక్క రెండు చెక్క బీరువాలు. అట్ట లోపల ఊదారంగు ముద్ర, వీపు మీద తెల్లకాగితం అతికించి నంబరు. డిటెక్టివ్ నవలలుండేవి, వారపత్రికల్లోంచి చించి కుట్టి బైండు చేయించిన సీరియళ్ళుండేవి. విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాను కాలనీకి వచ్చినప్పుడు కొన్న మాస్కో పుస్తకాలు కూడా కొన్ని ఉండేవి. గట్టి అట్టలు, నున్నటి కాగితం, ధర మాత్రం చేతికందేంత. మంచు కురిసే ఊళ్ళను నేను మొదట చూసింది ఆ బొమ్మల్లోనే.

1989 నవంబరు 8 రాత్రి గురించి కావలి ప్రాంతంలో మా వయసు వాళ్ళకెవరికీ చెప్పక్కర్లేదు. ఆ తుఫానుకు కావలి పేరే ఉండిపోయింది. రాత్రంతా గాలి ఇంటి చుట్టూ తిరిగి తిరిగి తలుపులు బాదింది. తెల్లారి చూస్తే కాలనీలో నిలబడిన వేపచెట్టు లేదు. ఇన్‌స్టిట్యూట్ పెంకులు ఎక్కడెక్కడో పడున్నాయి. బీరువాల తలుపులు ఉబ్బి రాకపోతే గునపంతో తీశారు. లోపల పుస్తకాలు పుస్తకాల్లా లేవు, నానబెట్టిన అటుకుల్లా ఉన్నాయి.

తలా కొన్ని ఇళ్ళకు తీసుకుపోయి ఆరబెడదామన్నారు. మా ఇంటికి వచ్చినవి ముప్ఫై పైనే. ఎండ లేదు, కరెంటు లేదు. నాయన వంటింట్లోంచి బొగ్గుల కుంపటి తెచ్చి నడిమింట్లో పెట్టాడు. మామూలుగా కుంపటి అమ్మ పని, ఆయన దాన్ని ముట్టుకునేవాడు కాదు. ఆ వారం మాత్రం అమ్మను దగ్గరికి రానియ్యలేదు. బొగ్గులు ఒకే చోట కుప్పపొయ్యకుండా పలచగా, సమంగా పరిచి, అంచుల దగ్గర కాస్త ఎక్కువ పెట్టి, ఎర్రగా అయ్యాక పైన పల్చగా నుసి పట్టేదాకా ఆగేవాడు. అప్పుడు పుస్తకాన్ని విసనకర్రలా విప్పి జానెడు ఎత్తున పట్టుకునేవాడు. "సెగ తగలాల, మంట తగలకూడదు" అని మాకు నేర్పాడు. ఒక్కో పేజీ మధ్య వార్తాపత్రిక ముక్క పెట్టడం నా పని, తడిసిన ముక్క తీసి పొడిది పెట్టడం తమ్ముడి పని. వారం కష్టపడితే మా ఇంట్లో బతికినవి పదకొండు. మిగతా ఇళ్ళలో ఎన్ని మిగిలాయో నాకు గుర్తు లేదు. ఆ తర్వాత మళ్ళీ లైబ్రరీ తెరవలేదు. కరెంటింజన్లు రావడంతో షెడ్డు పని అప్పటికే పలచబడింది. చాలామంది బెజవాడకీ గూడూరుకీ బదిలీ అయిపోయారు. క్వార్టర్లు ఒక్కొక్కటే ఖాళీ అయి గోడల్లో రావిమొక్కలు మొలిచాయి. పుస్తకాలు ఎవరికి అప్పజెప్పాలో తెలియక ఆ పదకొండూ మా ఇంట్లోనే ఉండిపోయాయి. నాయన వాటికి ఒకటి నుంచి పదకొండు దాకా కొత్తగా నంబర్లు వేసి, మనవి కావు, మన దగ్గరున్నాయంతే అని చెప్పేవాడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పాతికేళ్ళ తర్వాత, 2014 డిసెంబరులో, ఇంగ్లండులో ఒక పుస్తకాల కొట్లో నాయన పక్కన కూర్చున్నప్పుడు ఇదంతా నాకు ఒక్కసారిగా కళ్ళముందుకు వచ్చింది.

తమ్ముడు అప్పుడు న్యూకాజిల్లో ఉద్యోగం. అమ్మ పోయి రెండేళ్ళయింది. నాయన్ని ఒక్కణ్ణీ కావలిలో ఉంచలేక, బడికి సెలవు పెట్టి నేనే వెంటబెట్టుకుని పోయాను. డెబ్బై ఒకటో ఏట మొదటిసారి విమానమెక్కాడు. అక్కడ కోటలూ చర్చీలూ చూపిస్తే మర్యాదకు తలూపాడు. ఆయన కళ్ళు వెలిగింది స్టేషన్లోనే. న్యూకాజిల్ ప్లాట్‌ఫారం అంచున నిలబడి, వంగి, పట్టాలకేసి చాలాసేపు చూశాడు.

"ఏందబ్బాయా, ఇంత ఇరుగ్గా ఏసుండారు?" అని తమ్ముణ్ణి అడిగాడు.

నిజమే. మన బ్రాడ్‌గేజీ 5 అడుగుల 6 అంగుళాలు. వాళ్ళది 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలే. తమ్ముడు ఆ ఊళ్ళో ఆరేళ్ళుగా రైలెక్కుతున్నాడు, ఎప్పుడూ గమనించలేదట. రైలు పుట్టిన చోటు ఇదేనని నాయనకు తెలుసు. తొలినాళ్ళ రైలింజన్లు చేసిన జార్జ్ స్టీఫెన్సన్ పుట్టిన వైలం పల్లె న్యూకాజిల్ పక్కనే. ప్రపంచంలో రైలింజన్ల కోసమే పెట్టిన మొదటి ఫ్యాక్టరీని 1823లో ఆ ఊళ్ళోనే పెట్టారు. ఈ సంగతులు ఆయన బళ్ళో నేర్చుకున్నవి కావు, షెడ్డులో పెద్ద డ్రైవర్లు చెప్పగా విన్నవి. "వాళ్ళు కనిపెట్టినా, మనదే వెడల్పు" అన్నాడు, ఎంతో తృప్తిగా.

ఆ సంబరం చూసే తమ్ముడు మమ్మల్ని ఆనిక్ తీసుకుపోయాడు. రాయడానికి మధ్యలో ఎల్, డబ్ల్యూ అన్నీ ఉంటాయి కానీ వాళ్ళు పలికేది ఆనిక్ అనే. ఎడింబరో వెళ్ళే లైనులో అల్న్‌మౌత్ దగ్గర దిగి అక్కణ్ణుంచి బస్సులో పోవాలి. ఒకప్పుడు అల్న్‌మౌత్ నుంచి ఆనిక్‌కు చిన్న బ్రాంచి లైనుండేది. ఆనిక్ స్టేషన్ని 1887లో కట్టారు. 1968లో ప్యాసింజరు బండ్లు ఆపేశారు, పట్టాలు పీకేశారు. భవనం మాత్రం మిగిలింది. 1991లో మేరీ మాన్లీ అనే ఆవిడ ఆ భవనంలోనే ఒక గదిలో పాత పుస్తకాల కొట్టు పెట్టింది. ఆమె భర్త స్టూవర్ట్‌కు అప్పటికే అక్కడ చిన్న పరిశ్రమ ఉండేదట. కొట్టు పెరిగి పెరిగి స్టేషనంతా నిండింది. పేరు బార్టర్ బుక్స్. చదివేసిన పుస్తకాలు తీసుకుపోయి ఇస్తే, వాళ్ళకు నచ్చినవాటికి విలువ కట్టి మన పేరున రాసుకుంటారు. ఆ మేరకు వేరే పుస్తకాలు తెచ్చుకోవచ్చు.

తమ్ముడు ఇదంతా బస్సులో చెప్తుంటే నాయన మధ్యలో ఆపి, "రైళ్ళు ఆపేసినాక స్టేషన్ని పుస్తకాలకిచ్చినారా?" అని అడిగాడు. తమ్ముడు అవునన్నాడు. మళ్ళీ ఆనిక్‌లో దిగేదాకా ఆయన మాట్లాడలేదు.

బయట చలి ఎముకలు కొరుకుతోంది. మూడున్నరకే చీకటి పడుతోంది. తలుపు తోసుకుని లోపలికి పోతే పైన ఇనుప దూలాలు, అద్దాల కప్పు, కింద మనిషెత్తున పుస్తకాల బీరువాలు వరసలు తీరి ఉన్నాయి. నేను ఉస్మానియా గ్రంథాలయం చూశాను, మద్రాసులో కన్నెమరా చూశాను. పెద్దవి చూడకపోలేదు. అయినా ఇలాంటిది చూడలేదు. బీరువాల నెత్తి మీద, ఒకదాన్నుంచి ఇంకోదానికి వంతెనలు కట్టి, బొమ్మ రైలు తిరుగుతోంది. చిన్న చక్రాల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. మనుషులు ఎక్కడ పడితే అక్కడ కుర్చీల్లో ఒదిగిపోయి చదువుకుంటున్నారు. కొనమని ఎవరూ అడగరు, లేవమని ఎవరూ అనరు. ఒకాయన కాళ్ళ దగ్గర కుక్క పడుకుని ఉంది. ఒక గోడ మీద పేరున్న ఇంగ్లీషు రచయితల్ని ఎంతోమందిని నిలువెత్తున చిత్రించారు. తమ్ముడు ఒక్కొక్కరి పేరూ చెప్తుంటే నాయన వినలేదు. తల పైకెత్తి బొమ్మ రైలు వెంట నడుస్తున్నాడు. మలుపు తిరిగే చోట ఆగి, పెట్టెలు లెక్కపెట్టాడు.

గల్లా దగ్గర గోడకు ఎర్ర కాగితం మీద తెల్లక్షరాల పోస్టరు, చట్రం కట్టి ఉంది. పైన కిరీటం బొమ్మ. ఇప్పుడు కప్పుల మీదా చొక్కాల మీదా లోకమంతా కనబడే ఆ పోస్టరు మళ్ళీ వెలుగు చూసింది ఈ కొట్లోనే. 2000లో స్టూవర్ట్ వేలంలో కొన్న పాత పుస్తకాల పెట్టె అడుగున మడతపెట్టి దొరికిందట. 1939లో, యుద్ధం మొదలయ్యే రోజుల్లో, బ్రిటిష్ సమాచార శాఖ జనానికి ధైర్యం చెప్పడానికి 20 లక్షలకు పైగా అచ్చువేసి, చివరికి గోడలకెక్కించకుండానే దాదాపు అన్నిటినీ చిత్తుకాగితాల కింద తీసేసింది. నాయన అందులో ఏముందని అడిగితే, "నిబ్బరంగా ఉండండి, పని సాగించండి అని ఉంది నాయనా" అని చెప్పాను.

"తుఫాను మర్నాడు మనం చేసిందదే గదమ్మణ్ణీ" అన్నాడు.

పాత వెయిటింగు రూములో నిప్పుగూడు వెలుగుతోంది. దాని ముందు రెండు కుర్చీలు ఖాళీ అయితే నేనూ నాయనా కూర్చున్నాం. తమ్ముడు టీ తేవడానికి పోయాడు. నాయన మంట వంక చూస్తున్నాడు. కాసేపటికి ముందుకు జరిగాడు. ఇంకాసేపటికి అంచున కూర్చున్నాడు. నాకు అర్థమైంది. బొగ్గులన్నీ మధ్యలో కుప్పగా పడి, పై నుంచి కొత్త బొగ్గు దిమ్మరించి ఉంది. నల్లటి పొగ మెలికలు తిరుగుతోంది. వెనక మూలలు రెండూ చల్లారిపోయి బూడిదగా ఉన్నాయి. ఆవిరింజన్ ఫైర్‌మేన్‌కు నల్లపొగంటే బొగ్గు దండగ కింద లెక్క. పొగగొట్టం వంక చూసి ఫైర్‌మేన్ పనితనం చెప్పేసేవాళ్ళు షెడ్డులో. ఒకేసారి పారలకు పారలు కుమ్మరించకూడదు. కొద్దికొద్దిగా, మాటిమాటికీ వెయ్యాలి. వెనక మూలలు ఎప్పుడూ ఖాళీ పడనియ్యకూడదు, అక్కణ్ణుంచి చల్లగాలి దూరితే ఆవిరి పడిపోతుంది. ఇవన్నీ నాకు ఆయన చెప్పినవి కావు. అన్నం తింటూ అమ్మకు చెప్తుంటే విన్నవి.

పుస్తకాలు సర్దుతున్న అమ్మాయి అటుగా వచ్చింది. "ఆ పాపనడుగమ్మణ్ణీ, కాస్త సరిచెయ్యొచ్చేమో" అన్నాడు నాయన, చాలా మొహమాటంగా. నేను నా బడి ఇంగ్లీషులో మా నాన్నగారు ముప్ఫై ఏళ్ళు రైలింజన్లో నిప్పు చూసిన మనిషని చెప్పాను. ఆ అమ్మాయి నా మొహం చూసి, ఆయన మొహం చూసి, అడ్డుతెర పక్కకు జరిపి, నిప్పు ఎగదోసే కమ్మీ, పట్టకారూ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

నాయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అంతకు ముందు రోజు మెట్లు దిగడానికి తమ్ముడి భుజం పట్టుకున్న మనిషి. కమ్మీతో కుప్పను మెల్లగా విడగొట్టాడు. ఎర్రబడ్డ ముక్కల్ని వెనక మూలలకు తోశాడు. పట్టకారుకు చిక్కని చిన్న బొగ్గుల్ని బకెట్లోంచి వేళ్ళతోనే తీసి, ఒక్కొక్కటే, ఎక్కడ ఖాళీ ఉందో చూసి అక్కడ పెట్టాడు. పలచగా, సమంగా. నుసి రాల్చి గాలికి దారి చేశాడు. ఒక నిమిషం ఏమీ కాలేదు. తర్వాత పొగ నలుపు తగ్గింది, బూడిదరంగుకు తిరిగింది, ఆ తర్వాత కనబడకుండా పోయింది. మంట పసుపు నుంచి తెలుపుకు తిరిగి, గది మొత్తానికి వేడి పాకింది. అవతల కుర్చీలో చదువుకుంటున్న ముసలాయన పుస్తకం దించి, నాయన వంక చూసి తలాడించాడు. నాయన కూడా తలాడించాడు. నడిమింట్లో కుంపటి ముందు పుస్తకం విప్పి పట్టుకున్న ఆయన చేతులు నాకు అప్పుడు కనపడ్డాయి.

తమ్ముడు టీతోపాటు రైళ్ళ బీరువాలోంచి ఒక పెద్ద బొమ్మల పుస్తకం కూడా తెచ్చాడు. బ్రిటన్‌లో చేసి బయటి దేశాలకు పంపిన ఆవిరింజన్ల ఫొటోలు. నాయన టీ పక్కన పెట్టి పేజీలు తిప్పసాగాడు. అర్జెంటీనా, ఆఫ్రికా, ఈజిప్టు. ఒక చోట చెయ్యి ఆగిపోయింది.

గ్లాస్గో రేవులో, ఫినిస్టన్ క్రేను కొక్కేనికి ఒక ఇంజను గాల్లో వేలాడుతోంది. కింద టోపీలు పెట్టుకున్న మనుషులు పైకి చూస్తున్నారు. ఓడ ఎదురుచూస్తోంది. అది డబ్ల్యూజీ, మన గూడ్సింజను. ఆ రకం ఇంజన్లు మొదటి విడత 1950లో గ్లాస్గోలోని నార్త్ బ్రిటిష్ కంపెనీ నుంచే మనకు వచ్చాయి. ఫ్యాక్టరీ ఉన్న స్ప్రింగ్‌బర్న్ నుంచి వీధుల వెంట లాక్కొచ్చి ఈ క్రేనుతో ఓడకెక్కించేవాళ్ళు. తర్వాత మన చిత్తరంజన్లో చెయ్యడం మొదలుపెట్టారు.

"క్లీనరుగా చేరినప్పుడు నాకిచ్చిన మొదటి పని ఇంజను పలకలు తుడవడం" అన్నాడు నాయన. "ఇత్తడి పలక. మసిగుడ్డకు కిరసనాయిలు అద్ది రుద్దితే అక్షరాలు పైకొచ్చేవి. జీ, ఎల్, ఏ, ఎస్. అదేందో నాకు తెలవదు. పెద్ద డ్రైవరు గ్లాస్గోరా, ఊరు పేరు అన్నాడు. ఎక్కడుండాదంటే, యాడుంటే నీకెందుకు, తుడువు అన్నాడు." తమ్ముడి వైపు తిరిగి, "ఈడికి ఎంత దూరమబ్బాయా?" అని అడిగాడు.

"రైల్లో పొద్దున పోయి రాత్రికి రావచ్చు నాయనా."

ఆ కంపెనీ 1962లో మూతపడిందని ఫొటో కింద రాసి ఉంది. ఆయన చేరిన సంవత్సరం. నేను చదివి చెప్తే నాయన ఏమీ అనలేదు. ఆ ఇంజను కడుపు మీద వేలు పెట్టి, బొగ్గు మండే ఫైర్‌బాక్సు ఎక్కడుంటుందో, తాను ఎక్కడ నిలబడేవాడో తమ్ముడికి చూపించాడు. నలభై ఏళ్ళ తమ్ముడు ఎనిమిదేళ్ళ పిల్లాడిలా మెడ వంచి చూశాడు.

వేలు తీశాక చూశాం. తెల్లటి నున్నటి కాగితం మీద, కుడివైపు కింద, నల్లగా బొటనవేలి ముద్ర. నిప్పుగూడు బొగ్గు.

నాయన గతుక్కుమన్నాడు. చేతిరుమాలు తీసి తుడవబోయాడు. "పాడు చేశాన్రా, ఎదటోళ్ళ పుస్తకం" అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. తమ్ముడు నా వంక చూశాడు. ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చినట్టుంది, వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పుస్తకం మూసి, పోయి, ధరెంతో కూడా చూడకుండా డబ్బులు కట్టేసి వచ్చాడు.

కావలి వచ్చాక నాయన ఒక ఆదివారం పొద్దున్నే తెల్లకాగితం కత్తిరించి, మెతుకులతో ఆ పుస్తకం వీపుకు అతికించాడు. దాని మీద 12 అని వేశాడు. మొదటి పేజీలో, ఇంకా వణుకు రాని అక్షరాలతో, "బిట్రగుంట ఇన్‌స్టిట్యూట్" అని రాశాడు.

నాయన పోయి నాలుగేళ్ళయింది. పన్నెండు పుస్తకాలూ నా దగ్గరే ఉన్నాయి. మొన్న వేసవిలో తమ్ముడి కొడుకు వచ్చి పన్నెండో నంబరు పుస్తకం తీసుకుని వసారాలో కూర్చున్నాడు. మామిడిపండు తిన్న చేతులు.

కడుక్కుని రమ్మని అనలేదు నేను.